హైడ్రాలిక్ బ్రేకరునందు ఆయిలు కారుట: కారణములు, పరీక్షా విధానము

హైదరాబాదు నగరము గ్రానైటు శిలల మీద వెలసినది. బంజారా హిల్సులోను, జూబిలీ హిల్సులోను, గచ్చిబౌలి వైపునను ఇంటి పునాదికి నాలుగడుగులు త్రవ్వినచో రాయి తగులుట సామాన్యము. పూర్వము వడ్డెరలు ఈ రాతిని మంటతో కాల్చి, ఇనుప మేకులు దిగగొట్టి చీల్చెడివారు. పిమ్మట మందుగుండు వచ్చినది. ఇండ్ల నడుమ మందుగుండు ప్రేల్చుట ప్రమాదకరమగుటచే నేడు ఆ పనిని ఎక్కువగా ఎక్స్‌కవేటరు చేతికి తగిలించిన హైడ్రాలిక్ బ్రేకరు చేయుచున్నది. దీనిని ద్రవచాలిత శిలాభంజకమని అనువదింపవచ్చును గాని, ఆ పేరుతో అడిగినచో ఏ షెడ్డులోను ఎవరును బదులు చెప్పరు. కనుక బ్రేకరు, సీలు, హోసు, పిస్టను అను వాడుక మాటలనే ఈ వ్యాసమునందు గ్రహించుచున్నాము.

మన విద్యార్థులలో కొందరు చదువు ముగిసిన పిమ్మట ఈ యంత్రముల నడుమనే జీవనోపాధి వెదకుకొందురు. అట్టివారు మొట్టమొదట ఎదుర్కొను ఫిర్యాదు ఒక్కటే: "బ్రేకరు ఆయిలు కారుచున్నది." దీనికి షెడ్డులలో సాధారణముగా లభించు సమాధానమును ఒక్కటే: "సీలు కిట్టు మార్చుడు." యునానీ హకీము నాడి చూచిన పిమ్మటనే నుస్ఖా వ్రాయును, మన షెడ్డులలో మాత్రము నుస్ఖా ముందు, నాడి తరువాత. ఆయిలు కనబడు చోటు వేరు, దోషముండు చోటు వేరు. చెడిపోయిన సీలు చాల సందర్భములలో రోగము కాదు, రోగలక్షణము మాత్రమే. ఈ భేదము తెలియక మార్చిన కిట్టు నెల తిరుగకుండ మరల కారును. యజమాని ధనము పోవును, మెకానిక్కు పేరు పోవును.

ఈ సమస్య క్రొత్తది కాదు; హైడ్రాలిక్ యంత్రములతో కూడనే పుట్టినది. మూసిన పాత్రలోని ద్రవమునకు ఒకచోట ఇచ్చిన పీడనము అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దిలో పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రము ఆధారముగా ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సునకు పేటెంటు పొందెను. కాని లోపలి దిమ్మ ప్రక్కనుండి నీరు కారిపోవుచు పీడనము నిలువకుండెను. చుట్టును బిగువుగా మూసినచో నీరు ఆగును గాని దిమ్మ కదలదు. వదులు చేసినచో దిమ్మ కదలును గాని నీరు ఆగదు. బ్రామా వద్ద పనిచేయుచుండిన హెన్రీ మాడ్‌స్లే గిన్నె ఆకారపు తోలు పట్టీని అమర్చి ఈ చిక్కు విప్పెనని చెప్పుదురు. నీటి పీడనమే ఆ తోలు అంచును విప్పి లోహమునకు అదిమిపట్టును. పీడనము తగ్గగానే అంచు తానే సడలును. నేటి బ్రేకరులోని యు-ప్యాకింగు చేయు పని ఇదియే. తోలు పోయి పాలియురేథేను వచ్చినది, అంతే. గుండ్రని రబ్బరు ఓ-రింగునకు నీల్స్ క్రిస్టెన్సెన్ అమెరికాలో 1939లో పేటెంటు పొందెను. ఎక్స్‌కవేటరుకు తగిలించు హైడ్రాలిక్ బ్రేకరును జర్మనీలోని ఎస్సెన్ నగరపు క్రుప్ సంస్థ 1967లో విపణిలో ప్రవేశపెట్టినది.

బ్రేకరు మూడు ఉక్కు దిమ్మల కూర్పు. క్రింద ఫ్రంట్ హెడ్, నడుమ సిలిండరు, పైన బ్యాక్ హెడ్. ఈ మూటిని నాలుగు పొడవైన త్రూ బోల్టులు ఒకటిగా బిగించి పట్టుకొని యుండును. ఆయిలు పీడనముచే పిస్టను పైకి లేచి, బ్యాక్ హెడ్‌లో నింపిన నైట్రోజను వాయువును అదుమును. వాల్వు మారగానే అదుమబడిన వాయువును, ఆయిలును కలిసి పిస్టనును క్రిందికి త్రోయును. అది పోయి చిజిల్ తలపై కొట్టును. 20 టన్నుల ఎక్స్‌కవేటరుకు తగిలించు సామాన్యపు బ్రేకరులో చిజిల్ వ్యాసము సుమారు 140 మిల్లీమీటర్లు. దానికి నిమిషమునకు 120 నుండి 180 లీటర్ల ఆయిలు, చదరపు సెంటీమీటరునకు 160 నుండి 180 కిలోగ్రాముల పీడనముతో అందవలెను. నిమిషమునకు నాలుగువందల ప్రాంతమున దెబ్బలు పడును. ఇంతటి పీడనమునకు, ఇంతటి కంపమునకు అడ్డుగా నిలుచునవి చేతి వ్రేలంత మందమైన లేని కొన్ని వలయములు. పిస్టను క్రింది భాగమున లోపలి నుండి బయటికి వరుసగా మూడు విధముల సీలులుండును. మొదటిదైన స్టెప్ సీలు పీడనపు తాకిడిని తగ్గించును. రెండవదైన యు-ప్యాకింగు ఆయిలును ఆపును. చివరిదైన డస్ట్ సీలు బయటి దుమ్మును, గ్రీజును లోనికి రానీయదు. పై భాగమున నైట్రోజనును ఆపు గ్యాసు సీలులుండును. తయారీదారును బట్టి వీని సంఖ్య మారును గాని క్రమము దాదాపు ఇదియే.

పరీక్షకు పూర్వము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పీడనముతో నున్న హోసుపై ఆయిలు ఎక్కడ కారుచున్నదో చేతితో తడిమి చూచుట చాలమందికి అలవాటు. సూదిమొన యంత రంధ్రము నుండి వెలువడు ఆయిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. చూచుటకు చీమ కుట్టినట్లు చిన్న మచ్చ మాత్రమే ఉండును. మొదట నొప్పియు అంతగా ఉండదు. కొన్ని గంటలలో వ్రేలు వాచి నల్లబడును. ఆలస్యమైనచో వ్రేలినే గాక చేతినే తీసివేయవలసి రావచ్చును. అట్లు జరిగినచో వేడినీళ్ల కాపడము పెట్టుకొని ఇంటిలో కూర్చుండరాదు. వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోయి, "అధిక పీడనముతో ఆయిలు లోనికి పోయినది" అని ఆ మాటలలోనే చెప్పవలెను. లేనిచో ముల్లు గ్రుచ్చుకొన్న గాయమని వైద్యుడు పొరబడవచ్చును. అనుమానముగల చోటును అట్టముక్కతో చూడవలెను గాని చేతితో కాదు. ఇంజను ఆపి, పెడలును, లివరులను నాలుగైదుసార్లు కదిపి, ట్యాంకు మూత నెమ్మదిగా వదులుచేసి, కొంతసేపు ఆగిన పిమ్మటనే పానా పట్టవలెను.

ఇక కారుటలోని తారతమ్యము. ఈ విషయమున మన రెండు భాషలును మెకానిక్కునకు మంచి సాయము చేయుచున్నవి. ఉర్దూలో రిస్‌నా, టపక్‌నా, బహ్‌నా అను మూడు మాటలున్నవి. తెలుగున చెమర్చుట, బొట్లుగా రాలుట, ధారకట్టుట. చెమర్చుట యనగా పిస్టను మీద, చిజిల్ పైభాగమున పలుచని ఆయిలు పొర కనబడుట. ఇది దోషము కాదు. సీలు అంచునకు ఆ మాత్రపు తడి లేనిచో అది కాలిపోవును. బొట్లుగా రాలుట పరీక్షింపదగినది. ధారకట్టినచో ఆ క్షణమే పని ఆపవలెను. సెకనుకు ఒక బొట్టు అల్పమని తోచును. 25 బొట్లు ఒక మిల్లీలీటరు అనుకొన్నను, ఎనిమిది గంటల పనిలో 28,800 బొట్లు, అనగా లీటరుకు మించిన ఆయిలు నేల పాలగును. 25 పనిదినములకు దాదాపు 29 లీటర్లు. త్రవ్వుచున్న గుంటలోనే రేపు బోరు వేయుదురన్న సంగతి కూడ మరువరాదు.

ప్రసంగవశమున కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ యంత్రముల పుస్తకములు ఎక్కువగా ఇంగ్లీషులోనే లభించుచున్నవి. షెడ్డులలో పని నేర్పు ఉస్తాదులు ఉర్దూలోను, తెలుగులోను నేర్పుదురు. ఒక బ్రేకరు అడ్డుకోత పటమును ఉభయ భాషలలో భాగముల పేర్లతో పెద్దదిగా వ్రాయించి మన ప్రయోగశాల గోడకు తగిలించినచో, ఈ వ్యాసము కంటె అది ఎక్కువ ఉపకరించును. దానికి కావలసిన మాటల పట్టికను మేము సిద్ధము చేసి ఇయ్యగలము.

పరీక్షలో మొదటి పని కడుగుట. మురికితో, గ్రీజుతో, రాతిపొడితో నిండిన బ్రేకరు మీద దోషము వెదకుట చీకటిలో సూది వెదకుట వంటిది. శుభ్రముగా కడిగి, తుడిచి, ఆరబెట్టి, అనుమానముగల అతుకులపై సుద్దపొడి చల్లవలెను. పిమ్మట ఎక్స్‌కవేటరును నడిపి, ఆయిలు వేడెక్కిన తరువాత కొన్ని నిమిషములు రాతిపై కొట్టించి, యంత్రము ఆపి చూడవలెను. సుద్దపొడి మొదట ఎక్కడ తడిసినదో అక్కడనుండియే ఆయిలు బయలుదేరినది. ఆయిలు పైనుండి క్రిందికి జారును గనుక, తడిసిన భాగములలో అన్నింటికంటె పైనున్న చోటే ముఖ్యము. చిజిల్ కొనను బొట్లు రాలుచుండగా, మూలము ఐదడుగుల పైనున్న హోసు అతుకు కావచ్చును. కొందరు బ్రేకరు విప్పి పరచిన పిమ్మట ఈ సంగతి గ్రహింతురు.

హోసుల విషయము క్లుప్తముగా ముగింపవచ్చును. కంపము వలన అడాప్టరు వదులగుట, లోపలి ఓ-రింగు చదునగుట, హోసు మెలిపడుట, ఫిట్టింగు మొదట హోసు చీలుట: ఇవియే ప్రధాన కారణములు. ఒకమాటు బిగించి చూచి, ఆగనిచో ఓ-రింగు మార్చవలెను. ఇంకను బిగించుచు పోయినచో మరలు చెడును గాని ఆయిలు ఆగదు.

ఫ్రంట్ హెడ్‌కు సిలిండరుకు నడుమనో, సిలిండరుకు బ్యాక్ హెడ్‌కు నడుమనో అతుకు వద్ద తడి కనబడినచో దృష్టి త్రూ బోల్టులవైపు పోవలెను. యంత్రము ఊరక నిలిచియున్నప్పుడు కారక, కొట్టునపుడు మాత్రమే కారుట దీని గుర్తు. నాలుగు బోల్టులలో ఒకటి సడలినను దిమ్మల నడుమ వెండ్రుకవాసి సందు తెరచుకొని మూసుకొనుచుండును. ఆ సందులో ఓ-రింగు చిక్కి నలిగిపోవును. సడలిన బోల్టును మాత్రము పట్టి బిగించుట చాలదు. ముందు నైట్రోజనును విడిచి, నాలుగింటిని ఎదురెదురు మూలల క్రమమున, అంచెలంచెలుగా, టార్కు పానాతో తయారీదారు చెప్పిన మేరకు బిగింపవలెను. ఒక బోల్టు విరిగినచో మిగిలిన మూడును అధిక భారము మోసి అలసియుండును. వానినిగూడ జాగ్రత్తగా పరీక్షింపవలెను.

చిజిల్ ప్రక్కనుండి కారుట అన్నింటికంటె సామాన్యమైనది, అన్నింటికంటె మోసపుచ్చునది. అక్కడ కారునది నిజముగా ఆయిలేనా అని మొదట నిర్ణయింపవలెను. చిజిల్‌కు ప్రతి రెండు గంటలకు గ్రీజు పెట్టుట నియమము. ఆ గ్రీజు తగినది కానిచో వేడికి కరిగి, నల్లని ద్రవమై కారును. కొంత తీసి వార్తాపత్రిక కాగితముపై ఉంచి చూచినచో, హైడ్రాలిక్ ఆయిలు త్వరగా ప్రాకి కాగితమును పారదర్శకము చేయును. గ్రీజు నడుమ ముద్దగా నిలిచి, చుట్టును కొద్ది తడి మాత్రమే ఇచ్చును. గ్రీజే అయినచో విప్పవలసిన పని లేదు. వేడికి నిలుచు చిజిల్ గ్రీజు వాడినచో చాలును.

గ్రీజు పెట్టుటలోనే ఆయిలు కారుటకు ఒక కారణము దాగియున్నది. బ్రేకరును నిలువుగా నిలిపి, చిజిల్‌ను పూర్తిగా పైకి అదిమి గ్రీజు పెట్టవలెను. అప్పుడు గ్రీజు చిజిల్‌కు బుష్షునకు నడుమ దిగును. బ్రేకరును గాలిలో వ్రేలాడదీసి పెట్టినచో చిజిల్ క్రిందికి జారి, దాని తలపైన ఏర్పడిన ఖాళీలో గ్రీజు నిండును. తరువాత పిస్టను దిగినప్పుడు ఆ గ్రీజు పోవుటకు దారిలేక సీలులపైకి ఎగదన్నును. ఎంతో శ్రద్ధగా గ్రీజు పెట్టు ఆపరేటరు బ్రేకరే ఎక్కువగా కారుటలో రహస్యమిదియే.

మరియొక కారణము బుష్షు అరుగుట. బుష్షు అరిగినచో చిజిల్ ఒక ప్రక్కకు ఒరిగి నిలుచును. పిస్టను దాని తలపై సమముగా గాక ఒక అంచున కొట్టును. ఆపరేటరు చిజిల్‌ను గడ్డపారవలె వాడి రాళ్లను పెకలించినచో ఫలితమిట్లే ఉండును. పిస్టనుకు సిలిండరుకు నడుమ నుండు సందు మిల్లీమీటరులో నూరవ వంతులలో కొలువదగినది. ఆ సందులో పిస్టను ఒరిగినచో లోహము లోహమును గీయును. గీతపడిన పిస్టను మీద క్రొత్త సీలు వేయుట, రంపపు పండ్లపై పట్టుబట్ట లాగుట వంటిది. కనుక సీలు మార్చుటకు ముందు పిస్టను చుట్టును గోటితో రాచి చూడవలెను. గోరు తగులని సన్నని మరకలను నూనెరాతితో నునుపు చేయవచ్చును. గోరు ఆగు గీతయున్నచో పిస్టనును, సిలిండరును కొలిపించి, మార్పో మరమ్మతో నిర్ణయింపవలెను.

తీసిన పాత సీలును చెత్తలో పారవేయుట అన్నింటికంటె పెద్ద నష్టమని మా అభిప్రాయము. అది మూగ సాక్షి కాదు, చక్కగా వాంగ్మూలమిచ్చును. అంచు గట్టిపడి, వంచగనే పగిలినచో ఆయిలు మితిమీరి వేడెక్కినదని అర్థము. 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన ఆయిలులో సీలులు ఎక్కువకాలము మనలేవు. సీలు ఒక ప్రక్కనే అరిగి, రెండవ ప్రక్క క్రొత్తదివలె ఉన్నచో బుష్షును అనుమానింపవలెను. చుట్టును సన్నని నిలువు గీతలున్నచో ఆయిలులో దుమ్మున్నది; ఫిల్టరు చూడవలెను. మడమ భాగము ఎలుక కొరికినట్లున్నచో సందు పెరిగినది, లేదా పీడనము మించినది. ఉబ్బి మెత్తబడినచో తగని ఆయిలో, కడుగుటకు వాడిన ద్రావకమో కారణము. ప్రతి పాత సీలును తీసిన చోటు, దిశ వ్రాసి ఒక పలకపై వరుసగా పేర్చినచో, సగము రోగనిర్ణయము అక్కడనే ముగియును.

మేము చూచిన ఒక ఉదాహరణము. ఒక షెడ్డునకు వచ్చిన బ్రేకరునకు ఆరువారములలో రెండు కిట్లు మార్చిరి. రెండుమార్లును చిజిల్ ప్రక్కనుండి మరల కారినది. పిస్టను నిర్దోషముగా నున్నది, బుష్షు క్రొత్తది. మూడవసారి ఒక వృద్ధ ఉస్తాదు పలకపై పేర్చిన పాత సీలులను వంచి చూచెను. అన్నియు అప్పడములవలె విరిగినవి. ఆయన బ్రేకరును విడిచి ఎక్స్‌కవేటరు చేతివైపు నడిచి, తిరుగు ఆయిలు గొట్టముపై నున్న స్టాప్ వాల్వును తుడిపించెను. బురదక్రింద దాని పిడి సగమే తెరచియున్నది. పని ముగించిన ఆయిలు ట్యాంకునకు స్వేచ్ఛగా పోలేక వెనుకకు తన్నుచు, వేడెక్కుచు, సీలులపై ఎడతెగని ఒత్తిడి పెట్టుచుండెనన్నమాట. తిరుగు గొట్టమున గేజి పెట్టి చూచి దానిని నిర్ధారణ చేసిరి. వాల్వు పూర్తిగా తెరచి మూడవ కిట్టు వేసిరి. మూడు నెలల తరువాత మేము విచారించినప్పుడు అది పొడిగానే యున్నదని చెప్పిరి. తిరుగు ఫిల్టరు మూసుకొనిపోయినను, సన్నని హోసు వాడినను ఇదే ఫలము కలుగును.

బ్రేకరును విప్పుటలో ప్రాణముతో ముడివడిన నియమము నైట్రోజనుకు సంబంధించినది. బ్యాక్ హెడ్ లోని వాయువును పూర్తిగా విడువక త్రూ బోల్టులను విప్పినచో ఆ దిమ్మ తుపాకి గుండువలె లేచును. మరల నింపునపుడు నైట్రోజను తప్ప వేరొకటి వాడరాదు. వెల్డింగు కొరకు ఉంచిన ఆక్సిజను సిలిండరు అదే మూలన నిలిచియుండును. పీడనముతోనున్న ఆక్సిజను ఆయిలును తాకినచో ప్రేలుడు సంభవించును. సిలిండరుపై వ్రాత చదివిన పిమ్మటనే గొట్టము తగిలింపవలెను. ఆయిలులో బుడగలు కనబడుచు, దెబ్బ బలహీనమగుచున్నచో గ్యాసు సీలులు అరిగి నైట్రోజను ఆయిలులో కలియుచున్నదని భావింపవచ్చును.

క్రొత్త సీలు వేయుట చేతి నేర్పుతో కూడిన పని. సీలుకు, గాడికి శుభ్రమైన హైడ్రాలిక్ ఆయిలు పూయవలెను. యు-ప్యాకింగును జీడిగింజ ఆకారముగా చేతితో వంచి గాడిలో దించవలెను. స్క్రూడ్రైవరు మొన తగిలిన సీలు వేయకముందే చెడినట్లు లెక్క. యు-ప్యాకింగు నోరు పీడనమువైపు, అనగా లోపలివైపు ఉండవలెను. డస్ట్ సీలు పెదవి చిజిల్‌వైపు ఉండవలెను. దిశ తారుమారైనచో తొలి గంటలోనే మరల కారును. నూలుపోగులు రాలు పాతగుడ్డలతో గాడి తుడువరాదు. పిస్టనును నిట్టనిలువుగా దించవలెను. ఒక ప్రక్కకు ఒరిగినచో పదునైన అంచు సీలును కోయును.

బిగింపు ముగిసిన పిమ్మట వెంటనే గట్టి రాతిపైకి పంపరాదు. ఆయిలు వెచ్చబడువరకు తక్కువ వేగమున, మెత్తని రాతిపై కొద్ది కొద్దిగా కొట్టింపవలెను. రాయి పగిలిన తక్షణము పెడలు విడువవలెను. ఖాళీ దెబ్బలు త్రూ బోల్టులను సడలించును. ఒకే చోట అర నిమిషమునకు మించి కొట్టించుటయు తగదు. రాయి లొంగనిచో చోటు మార్చవలెను. మొదటి దినపు పని ముగియగానే మరల తుడిచి, సుద్దపొడి చల్లి, బోల్టుల బిగువును, అతుకులను చూచి, తేదీతో పుస్తకమున వ్రాసి ఉంచవలెను.